విల్లీ నెల్సన్ ఆల్బమ్‌లు: ముందు ఏది వినాలి, ఏది తరువాతికి ఉంచుకోవాలి

అమెరికా కంట్రీ గాయకుడు, పాటల రచయిత విల్లీ నెల్సన్ మొదటి ఆల్బమ్ 1962లో విడుదలైంది. 2025లో, తొంభై రెండేళ్ళ వయసులో కూడా ఆయన కొత్త ఆల్బమ్‌లు తెచ్చారు. ఒంటరిగా పాడినవి, ఇతరులతో కలిసి పాడినవి, కచేరీల్లో రికార్డు చేసినవి కలిపితే వంద ఎప్పుడో దాటాయి. అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతం ఎలా ఉంటుందో విందామనుకున్న తెలుగు శ్రోత ఏదో ఒక యాప్ తెరిచి ఆయన పేరు వెతికితే ముందుగా కనిపించేది సాధారణంగా హిట్ పాటల సంకలనం. దాన్ని పక్కన పెట్టమనే చెబుతాను. అరవైల నాటి పాట పక్కన ఎనభైల నాటి పాట, దాని పక్కన ఎవరితోనో కలిసి పాడిన యుగళగీతం వరసగా వినిపిస్తే ఈ గాయకుడి ప్రత్యేకత చెవికి అందదు. ఆయన మంచి పాటలు చాలావరకు తమ ముందూ వెనకా ఉన్న పాటల బలంతోనే నిలబడతాయి. అందుకే పాటను కాకుండా ఆల్బమ్‌ను ఎంచుకోవాలి.

ఇక్కడ ప్రధానంగా ఆరింటిని పోలుస్తున్నాను: 'ఫేజెస్ అండ్ స్టేజెస్' (1974), 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్' (1975), 'స్టార్‌డస్ట్' (1978), 'స్పిరిట్' (1996), 'టియాట్రో' (1998), 'గాడ్స్ ప్రాబ్లమ్ చైల్డ్' (2017). మరికొన్నింటి ప్రస్తావన దారిలో వస్తుంది. పోలికకు నేను వాడే కొలత ఒక్కటే. ఆ గొంతు చుట్టూ ఎంత ఖాళీ ఉంది? ఎంతమంది వాయిస్తున్నారు, ఎంత దట్టంగా వాయిస్తున్నారు? విల్లీ నెల్సన్ విషయంలో మిగతా తేడాలన్నీ దీని నుంచే వస్తాయని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ఆయన పాడే తీరు గురించి కాస్త చెప్పాలి.

ఆ గొంతు సంగతి

ఆయన 1933 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఆబట్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తాతా నాయనమ్మల పెంపకం, పత్తి చేలలో పని, చర్చిలో పాటలు. అక్క బాబీ పియానో వాయించేవారు. 2022లో ఆమె మరణించేవరకు తమ్ముడి బృందంలో ఆ పియానో మోగుతూనే ఉంది. 1960లో పాటలు అమ్ముకోవడానికి ఆయన కంట్రీ సంగీతానికి రాజధాని అయిన నాష్‌విల్ చేరారు. మరుసటి ఏడాదే ఆయన రాసిన 'క్రేజీ'ని పాట్సీ క్లైన్, 'హలో వాల్స్'ను ఫారన్ యంగ్ పాడి పెద్ద హిట్లు చేశారు. వాగ్గేయకారుడిగా పేరు వెంటనే వచ్చింది. గాయకుడిగా మాత్రం పదేళ్ళకు పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

కారణం ఆ పాడే తీరులోనే ఉంది. గొంతు సన్నం, కొంచెం ముక్కుతో పలుకుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆయన తాళాన్ని అంటిపెట్టుకుని పాడరు. దెబ్బ పడ్డాక ఓ క్షణం ఆగి మాట అందుకుంటారు, ఒక్కోసారి దెబ్బకు ముందే మాట పూర్తి చేసి ఊరుకుంటారు. వాక్యం మధ్యలో తొందరపడి చివర్లో తీరిగ్గా నడుస్తారు. మనిషి మాట్లాడేటప్పుడు ఉండే ఎగుడుదిగుడులు ఆ పాటలో ఉంటాయి. ఆనాటి నాష్‌విల్ పద్ధతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. వయొలిన్ల వరస, వెనక బృందగానం, అన్నీ కొలిచినట్టు ఒకే నడక. ఆ గుంపులో ఆయన గొంతు దారి తప్పినట్టు వినిపించేది. అరవైల ఆల్బమ్‌లలో అద్భుతమైన రచన ఉన్నా, కొత్తగా వినేవారికి నేను వాటిని సూచించకపోవడానికి కారణం అదే.

నాష్‌విల్ దగ్గరి ఇల్లు తగలబడ్డాక ఆయన టెక్సస్‌కు తిరిగి వచ్చి 1972 నాటికి ఆస్టిన్‌లో స్థిరపడ్డారు. కాలిపోతున్న ఇంట్లోంచి ఆయన బయటకు తెచ్చుకున్న గిటార్ ఈ కథలో రెండో గొంతు. మార్టిన్ ఎన్-20 రకం, నైలాన్ తీగలది. 1969లో కొన్నారు, 'ట్రిగర్' అని పేరు పెట్టారు. శాస్త్రీయ సంగీతం కోసం చేసిన గిటార్ కాబట్టి గోళ్ళ రాపిడి తగలకుండా అడ్డుపలక ఉండదు. దశాబ్దాల వాయింపుకు దాని చెక్క అరిగి పెద్ద రంధ్రం పడింది. ఉక్కు తీగల గిటార్‌లా అది గలగలలాడదు. గుండ్రంగా, పొడిపొడిగా పలుకుతుంది. ఏ ఆల్బమ్‌లో ట్రిగర్ స్పష్టంగా వినిపిస్తుందో ఆ ఆల్బమ్‌లో విల్లీ కూడా స్పష్టంగా వినిపిస్తారు. ఎంపికలో ఇది నమ్మదగిన గుర్తు.

రెండు కథల మధ్య ఎంపిక

మొదట తేల్చుకోవలసింది 'ఫేజెస్ అండ్ స్టేజెస్', 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్'ల మధ్య. ఏడాది తేడాతో వచ్చాయి. రెండూ మొదటి పాట నుంచి చివరి పాట వరకు ఒకే కథ చెబుతాయి. రెండింటిలోనూ ఒక చిన్న పాట పల్లవిలా మధ్యమధ్య తిరిగి వచ్చి కథను కలుపుతుంది. ప్రేమ విరిగిపోవడమే రెండింటి వస్తువు. అయినా ఇవి వేర్వేరు మనుషులకు నచ్చే ఆల్బమ్‌లు.

'ఫేజెస్ అండ్ స్టేజెస్' విడాకుల కథ. ఎల్పీ రికార్డుకు రెండు వైపులుంటాయి కదా, మొదటి వైపు మొత్తం భార్య మాట, రెండో వైపు మొత్తం భర్త మాట. ఆమె అంట్లు తోముతూ, బట్టలు ఉతుకుతూ విసిగిపోయి ఇల్లు వదులుతుంది, పుట్టింటికి చేరుతుంది, మెల్లగా మళ్ళీ నవ్వడం నేర్చుకుంటుంది. అతను విమానంలో తాగుతూ పారిపోతాడు, తరువాత కుప్పకూలుతాడు. 1974 నాటి కంట్రీ సంగీతంలో ఒక మగ గాయకుడు సగం ఆల్బమ్‌ను ఇల్లాలి వైపు నుంచి, ఆమెను నిందించకుండా రాయడం చాలా అరుదు. ఆమె వైపు పాటలే బలంగా ఉన్నాయని కూడా నా అభిప్రాయం. భర్త భాగంలో గుండె పిండేది 'ఐ స్టిల్ కాంట్ బిలీవ్ యు ఆర్ గాన్'. తన డ్రమ్మర్ పాల్ ఇంగ్లిష్ భార్యను కోల్పోయినప్పుడు విల్లీ రాసిన పాట అది. కథలో విడాకుల బాధగా వినిపించినా, దాని అడుగున ఉన్నది మరణం తెచ్చిన దుఃఖం.

వాయిద్యాల సంగతికి వస్తే, దీన్ని అలబామాలోని మజిల్ షోల్స్‌లో రికార్డు చేశారు. అమెరికా నల్లజాతివారి సోల్ సంగీతంలో ఎన్నో ప్రసిద్ధమైన పాటలు పుట్టిన చోటు అది. నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ కూడా ఆ సంగీతంలోనే పేరు తెచ్చుకున్నవాడు. అందుకే ఇందులో బాస్, డ్రమ్స్ నిండుగా ఉంటాయి, పాటలకు ఊపు ఉంటుంది. అయినా వాయించేవారు గాయకుడి ఊపిరిని గమనిస్తూ వాయిస్తారు. గొంతు చుట్టూ జనం ఉన్నారు, కానీ దారి వదిలి నిలబడ్డారు.

'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్'లో ఆ జనం కూడా ఉండరు. పాత కాలపు పడమటి అమెరికా. భార్య తనను విడిచి వేరొకరితో వెళ్ళిందని తెలిసిన ఒక మతబోధకుడు ఇద్దరినీ చంపి, ఆమె గుర్రాన్ని వెంటబెట్టుకుని దేశం మీద పడతాడు. దారిలో మరో హత్య. చివరికి అలసట, మళ్ళీ ఓ ప్రేమ, కొంత శాంతి. కథానాయకుడు హంతకుడు. పాట అతన్ని సమర్థించదు, ఖండించదు, వెంట నడుస్తుంది అంతే. ఈ కథ కొందరికి మింగుడుపడదు, ముఖ్యంగా గుర్రం మీద చేయి వేసిన స్త్రీని చంపే ఘట్టం. ముందే తెలుసుకుని వినడం మంచిది.

కొత్త రికార్డు కంపెనీ కొలంబియా ఆయనకు తన ఇష్టప్రకారం రికార్డు చేసుకునే పూర్తి స్వేచ్ఛ ఇచ్చింది. డాలస్ పక్కన గార్లండ్‌లో ఉన్న ఆటమ్ సౌండ్ అనే స్టూడియోలో కొద్ది రోజుల్లోనే పని ముగించారు. ఖర్చు నాలుగు వేల డాలర్ల దరిదాపుల్లో అయిందని ప్రసిద్ధి. గిటార్, పియానో, మౌత్ ఆర్గాన్, అక్కడక్కడ మాండొలిన్, అప్పుడప్పుడు మాత్రమే వినిపించే డ్రమ్స్. టేపు విన్న కంపెనీ అధికారులు ఇది నమూనా అనుకున్నారు, అసలు రికార్డింగు ఇంకా మొదలవలేదనుకున్నారు. ఒప్పందం ప్రకారం ఉన్నదున్నట్టే విడుదల చేయక తప్పలేదు. అందులోని 'బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ద రెయిన్' గాయకుడిగా ఆయనకు కంట్రీ హిట్ పాటల జాబితాలో మొదటి స్థానం తెచ్చిన తొలి పాట అయింది. ఫ్రెడ్ రోజ్ రాసిన పాత పాట అది. అప్పటికి ఆయన వయసు నలభై రెండు. ఇవాళ డాలస్ చుట్టుపక్కల ఎన్నో తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. ఈ ఆల్బమ్ పుట్టిన చోటు వారికి ఊరి పక్కనే ఉంది.

ఎంపిక ఎలా? పెళ్ళి, సంసారం, విడిపోవడం గురించి నిజాయితీగా మాట్లాడే పాటలు కావాలంటే 'ఫేజెస్ అండ్ స్టేజెస్'. మాటలు సూటిగా, ఇంటి భాషలో ఉంటాయి. ఇంగ్లీషు పాటలు వినే అలవాటు తక్కువైన వారికి కూడా అర్థమవుతాయి. తాళం పట్టుకుని వినే అలవాటున్న వారికి ఇది ముందు నచ్చుతుంది. హరికథలాగా ఒక మనిషి గొంతు మీదే మొత్తం కథ నడవాలి, మధ్యలో నిశ్శబ్దాలుండాలి అనుకునేవారు 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్' తీసుకోవాలి. ఒక్కటే వినే పరిస్థితి వస్తే నేను రెండోదే చెబుతాను. ముప్పై నాలుగు నిమిషాలకు మించని ఈ ఆల్బమ్‌లో అంత తక్కువ శబ్దంతో అంత కథ చెప్పడం మరెవరికీ సాధ్యం కాలేదు. అయితే ఒక షరతు. దీన్ని పని చేసుకుంటూ వినకూడదు. ముక్కలుగా వింటే చాలా పాటలు అసంపూర్తిగా తోస్తాయి, కొన్ని నిమిషం కూడా ఉండవు. అలా కూర్చుని వినే తీరిక లేకపోతే 'ఫేజెస్'తో మొదలుపెట్టడమే సరైన పని.

స్టార్‌డస్ట్: ఎవరికి, ఎప్పుడు

'స్టార్‌డస్ట్' కథ వేరు. ఇందులో విల్లీ రాసిన పాట ఒక్కటీ లేదు. హోగీ కార్మైకేల్, అర్వింగ్ బెర్లిన్, జార్జ్ గెర్ష్విన్, డ్యూక్ ఎలింగ్టన్ వంటివారి పాత పాప్, జాజ్ పాటలు పది. ఆయన చిన్నప్పుడు రేడియోలో మోగిన కాలపు బాణీలు చాలావరకు. కంట్రీ గాయకుడు ఇవి పాడితే ఎవరు కొంటారని కంపెనీలో సందేహించారు. ఆల్బమ్ అమెరికాలో యాభై లక్షల ప్రతులు అమ్ముడైనట్టు ధ్రువీకరణ పొందింది. కంట్రీ ఆల్బమ్‌ల జాబితాలో పదేళ్ళు నిలిచింది. 'జార్జియా ఆన్ మై మైండ్' ఆయనకు గ్రామీ తెచ్చింది.

నిర్మాత బుకర్ టి. జోన్స్, మెంఫిస్ సోల్ సంగీతంలో ఆర్గాన్ వాయించి పేరు తెచ్చుకున్న వ్యక్తి. ఈ ఆల్బమ్ సగం ఘనత ఆయనదే. బాణీలు పాతవి, అవి అలవాటుగా మోసుకొచ్చే వాద్యబృందం పెద్దది. జోన్స్ ఆ బృందాన్ని దాదాపుగా తీసేసి, విల్లీతో కలిసి తిరిగే వాయిద్యకారులనే పెట్టి, తన ఆర్గాన్‌ను వెనక పలచగా పరిచారు. తంత్రీ వాద్యాలు వచ్చిన చోట కూడా గొంతు మీదికి ఎక్కవు. దానివల్ల తాళంతో ఆయన ఆడుకునే ఆట ఇక్కడ అన్నిటికన్నా తేలిగ్గా పట్టుబడుతుంది. బాణీ ముందే తెలిసిన పాట అయితే గాయకుడు ఎక్కడ ఆలస్యం చేశాడో, ఎక్కడ మాటను ముందుకు లాగాడో మనకు తెలుస్తుంది కదా.

కంట్రీ అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇది సరైన ఆల్బమ్ కాదు. విల్లీ ఎలా పాడతారో తెలుసుకోవడానికి ఇంతకన్నా సులభమైనది లేదు. ఆకాశవాణి లలిత సంగీతం విని పెరిగినవారికి, బాణీకి ప్రాణం ఇచ్చే శ్రోతలకు, ఇంట్లో నలుగురితో కలిసి వినేవారికి మొదటి ఆల్బమ్‌గా నేను దీన్నే ఇస్తాను. తల్లిదండ్రులతో కలిసి కారులో ప్రయాణిస్తూ వినదగిన పాశ్చాత్య ఆల్బమ్ కావాలని అడిగినవారికీ ఇదే. హత్యలు లేవు, తాగుడు లేదు, ఏ పాటా నాలుగైదు నిమిషాలు మించదు. మాటల కోసం, రచన కోసం వినేవారు మాత్రం దీన్ని రెండో విడతకు ఉంచుకోవచ్చు. ఒక వాగ్గేయకారుణ్ణి ఆయన రాయని పాటలతో పరిచయం చేసుకోవడంలో కొంత లోటు ఉండనే ఉంటుంది.

దీన్ని విని మెచ్చినవారు సహజంగా 1982 నాటి 'ఆల్వేస్ ఆన్ మై మైండ్' వైపు వెళ్తారు. అదీ బాగా అమ్ముడుపోయిన ఆల్బమే, దానికి పేరిచ్చిన పాట నిజంగా గొప్పది. మిగతా ఆల్బమ్‌లో మాత్రం వాయిద్యాల మెరుగు మందంగా ఉంటుంది, ట్రిగర్ వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ ఒక్క పాట వినండి. ఆల్బమ్‌కు తొందర లేదు.

స్పిరిట్, టియాట్రో: తొంభైల జంట

1990లో అమెరికా పన్నుల శాఖ ఆయన మీద కోటీ అరవై ఏడు లక్షల డాలర్ల బకాయి చూపించి ఆస్తులు స్వాధీనం చేసుకుంది. అప్పు తీర్చడానికి ఒంటరిగా గిటార్‌తో పాడిన పాత పాటలను ఆల్బమ్‌గా అమ్మారు. 1993లో కంట్రీ సంగీత ప్రముఖుల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. అప్పటికి రేడియోలో ఆయన కొత్త పాటలు పెద్దగా మోగడం లేదు. అలాంటి సమయంలో, అరవై దాటాక వచ్చినవి ఈ రెండు.

'స్పిరిట్' నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆ సంగతి దాచి పోలిక రాయడం సరికాదు. ఇందులో నలుగురే ఉన్నారు. విల్లీ, అక్క బాబీ పియానో, జోడీ పేన్ రెండో గిటార్, జానీ గింబుల్ ఫిడేలు. డ్రమ్స్ లేవు, బాస్ లేదు. పాటలన్నీ ఆయన రాసినవే. మొదట్లో 'మటడోర్' అనే చిన్న గిటార్ బాణీ, స్పానిష్ ఛాయతో. అక్కడి నుంచి ఒక మనిషి పోగొట్టుకున్నదాని గురించి, ప్రార్థించలేనంత నీరసం గురించి, మళ్ళీ దేవుడి వైపు తిరగడం గురించి పాటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. డెబ్బైల ఆల్బమ్‌లలాగా ఇక్కడ పేర్లూ ఊళ్ళూ ఉన్న కథ లేదు. అయినా వరస మార్చి వింటే చెడిపోతుంది. 'టూ సిక్ టు ప్రే' అనే పాటలో ఆయన దేవుడితో మాట్లాడే తీరు చూడండి. చాన్నాళ్ళు కబురు పెట్టనందుకు పాత స్నేహితుడికి సంజాయిషీ చెప్పుకునే స్వరం అది. భక్తి పాటలు ఎన్నో విన్న మన చెవికి ఈ చనువు వెంటనే అందుతుంది.

డ్రమ్స్ లేకపోవడం వల్ల తాళం ఎవరి దగ్గరా లేదు, నలుగురి మధ్యా ఉంది. విల్లీ ఆగితే మిగతా ముగ్గురూ ఆగుతారు. ఫిడేలు ఆయన మాట ముగిసిన చోట అందుకుని, తరువాతి మాట మొదలయ్యేలోపు తప్పుకుంటుంది. పక్కవాద్యం అంటే ఏమిటో తెలిసిన కర్ణాటక సంగీత శ్రోతలకు ఈ ఆల్బమ్ పరాయిగా అనిపించదు. నైలాన్ తీగల మీద ఆయన వేళ్ళు పడే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఫోను స్పీకర్‌లో వింటే ఇందులో సగం పోతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి.

'టియాట్రో' దీనికి పూర్తిగా ఎదురుగా నిలుస్తుంది. నిర్మాత డేనియల్ లన్వా. కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో మూతబడిన ఓ పాత సినిమా హాలును స్టూడియోగా మార్చి రికార్డు చేశారు. ఇద్దరు డ్రమ్మర్లు, లాటిన్ దరువులు, హాలంతా మార్మోగే శబ్దం. చాలా పాటల్లో గాయని ఎమీలూ హారిస్ గొంతు కలిపారు. పాటల్లో ఎక్కువ భాగం అరవైలలో విల్లీ రాసి, నాష్‌విల్ హంగులో సరిగా వినిపించకుండా పోయినవే. అవే పాటలకు ముప్పై ఏళ్ళ తరువాత సరైన చీకటి దొరికింది. ఇక్కడ గొంతు చుట్టూ శబ్దం చాలా ఉంది. కానీ అది కింద దరువుగా, వెనక ప్రతిధ్వనిగా ఉంది. గొంతు ఉన్న ఎత్తులో ఎవరూ లేరు. అందుకే నా కొలతకు ఇది కూడా నిలుస్తుంది.

ఆధునిక రాక్, సినిమా నేపథ్య సంగీతం ఇష్టపడేవారు, కంట్రీ అంటే పాత మూస అనుకునే కుర్రకారు 'టియాట్రో'తో మొదలుపెట్టాలి. రాత్రి పూట ఒంటరిగా వినేవారికి 'స్పిరిట్'. రెండూ ఒకే రోజు వినవద్దు. ఒకటి రెండోదాన్ని పలచన చేస్తుంది.

వృద్ధాప్యపు ఆల్బమ్‌లు

ఎనభై దాటిన గాయకుడి ఆల్బమ్‌లు అభిమానులకు మాత్రమే అనుకునేవారున్నారు. ఆ మాట విల్లీ నెల్సన్ విషయంలో చెల్లదు. గొంతు పలచబడింది, ఊపిరి తగ్గింది, వాక్యాలు పొట్టివయ్యాయి. మొదటి నుంచీ మాట్లాడుతున్నట్టే పాడిన మనిషి కాబట్టి ఆ తగ్గుదల ఆయనకు పెద్ద దెబ్బ కాలేదు. పై స్థాయిల్లో గొంతెత్తి పాడి పేరు తెచ్చుకున్న గాయకులకు ఈ అదృష్టం ఉండదు.

నిర్మాత బడ్డీ కానన్‌తో కలిసి ఆయన ఈ దశలో చాలా పాటలు రాశారు. ఒకరు ఫోనులో నాలుగు పంక్తులు పంపితే, రెండోవారు తరువాతి చరణం పంపేవారు. అలా వచ్చిన ఆల్బమ్‌లలో 2022 నాటి 'ఎ బ్యూటిఫుల్ టైమ్' ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది. ఆయన ఎనభై తొమ్మిదో పుట్టినరోజున విడుదలైంది. అవార్డు దానికి వచ్చినా, నేను ఎంచుకునేది 2017 నాటి 'గాడ్స్ ప్రాబ్లమ్ చైల్డ్'నే. దానికి ముందు ఏడాదే ఆయన ఆప్తమిత్రుడు, కంట్రీ గాయకుడు మెర్ల్ హ్యాగర్డ్ మరణించారు. ఆయనకు నివాళిగా ఒక పాట ఈ ఆల్బమ్ చివర్లో ఉంది. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటలో వంతు పాడిన లియాన్ రస్సెల్ ఆల్బమ్ విడుదలయ్యేలోపే కన్నుమూశారు. తాను చనిపోయానని మళ్ళీ మళ్ళీ పుట్టే పుకార్ల మీద విల్లీ రాసుకున్న నవ్వుల పాట 'స్టిల్ నాట్ డెడ్' కూడా ఇందులోనే ఉంది. మిత్రులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్న మనిషి ఏడుపునీ నవ్వునీ పక్కపక్కన ఇంత సహజంగా పెట్టిన ఆల్బమ్ ఆ దశలో మరొకటి లేదు. 'ఎ బ్యూటిఫుల్ టైమ్' అంతకన్నా సాఫీగా, హాయిగా ఉంటుంది. ముందు అది విన్నా నష్టం లేదు.

2024 చివర్లో వచ్చిన 'లాస్ట్ లీఫ్ ఆన్ ద ట్రీ' ఈ వరసలో కొంచెం భిన్నం. కొడుకు మైకా నిర్మాత. టామ్ వెయిట్స్, నీల్ యంగ్ వంటి ఇతరుల పాటలే ఎక్కువ, శబ్దాలు కూడా కంట్రీకి దూరంగా జరిగాయి. 'టియాట్రో' నచ్చినవారు దీన్ని తప్పక వినాలి.

నలభై దాటని శ్రోతలకు ఈ చివరి దశ ఆల్బమ్‌లను మొదటి ఎంపికగా చెప్పను. వయసు అడ్డమని కాదు. డెబ్బైల గొంతు చెవిలో ఉన్నప్పుడే, ఈ గొంతులో ఏమి పోయిందో, పోయాక ఏమి మిగిలిందో వినిపిస్తుంది. పెద్ద వయసు శ్రోతలైతే నేరుగా ఇక్కడికే రావచ్చు.

కచేరీ రికార్డు ఒకటి, జంట ఆల్బమ్ ఒకటి

వేదిక మీద విల్లీ ఎలా ఉంటారో తెలియాలంటే 1978 నాటి 'విల్లీ అండ్ ఫ్యామిలీ లైవ్' చాలు. రెండు రికార్డుల నిడివి. మిక్కీ రాఫెల్ మౌత్ ఆర్గాన్, పాల్ ఇంగ్లిష్ డ్రమ్స్, బాబీ పియానో. వేదిక నిండా మనుషులే, శబ్దం కూడా ఎక్కువే. కానీ వాళ్ళందరూ ఏళ్ళ తరబడి ఒకే బస్సులో తిరిగినవాళ్ళు. ఆయన ఎక్కడ ఆగుతారో వాళ్ళకు తెలుసు. హిట్ పాటల సంకలనమే కావాలని పట్టుబట్టేవారికి దాని బదులు నేను ఈ కచేరీని ఇస్తాను. అప్పటిదాకా పేరుపడ్డ పాటలు చాలావరకు ఉంటాయి, ఒకే రకమైన గాలిలో ఉంటాయి.

మెర్ల్ హ్యాగర్డ్‌తో కలిసి పాడిన 'పాంచో అండ్ లెఫ్టీ' (1983) గురించి అందరూ చెబుతారు. ఆ పేరుగల పాట టౌన్స్ వాన్ జాంట్ రాసినది, నిజంగానే వినితీరవలసినది. ఆల్బమ్‌లో మిగతావి ఆ ఎత్తును అందుకోవు.

కొనేముందు, వినేముందు

'ఫేజెస్ అండ్ స్టేజెస్', 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్', 'స్పిరిట్' యాప్‌లో వినేటప్పుడు పాటల వరస కలగాపులగం చేసే మీట ఆపేయండి. ఉచిత ఖాతాల్లో వరస మన చేతిలో లేకపోతే, పాటల మధ్య ప్రకటనలు వస్తుంటే, ఈ మూడూ అక్కడ వినకపోవడమే మేలు. 'స్టార్‌డస్ట్', 'టియాట్రో'లకు ఆ ఇబ్బంది అంతగా లేదు. ఎల్పీ కొనగలిగినవారు ఒక్కటే కొంటే 'ఫేజెస్ అండ్ స్టేజెస్' కొనాలి. రికార్డు తిరగేయడం ఆ కథలో భాగం. భార్య మాట అయిపోయాక లేచి వెళ్ళి భర్త వైపు మనమే తిప్పాలి.

పాటల సాహిత్యం కళ్ళ ముందు పెట్టుకుని వినాలా అని కొందరు అడుగుతారు. మొదటిసారి వద్దు. ఆయన ఉచ్చారణ స్పష్టం, మాటలు చిన్నవి. ఒకసారి గొంతును విన్నాక, రెండోసారి సాహిత్యం చూస్తే ఏ మాట దగ్గర ఎందుకు ఆగారో తెలుస్తుంది. 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్'కు మాత్రం కథ సారాంశం ముందే తెలిసి ఉంటే మంచిది. పైన చెప్పినంత చాలు.

ఆ ఆల్బమ్ పునర్ముద్రణ 2000లో వచ్చినప్పుడు చివర్లో కొన్ని అదనపు పాటలు చేర్చారు. యాప్‌లలో దొరికేది చాలాసార్లు ఈ ప్రతే. అసలు ఆల్బమ్ 'బాండెరా' అనే మాటల్లేని బాణీతో పూర్తవుతుంది. దాని తరువాత వినిపించేవి కథకు సంబంధించినవి కావు, వాటిని వేరే రోజుకు ఉంచుకోండి.